చాంగ్‌థాంగ్ సరస్సులు: ఐదు రోజుల్లో అన్నీ కుదురుతాయా?

నీలిగాలి | ఆగస్టు 2, రాత్రి 9:14

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాయడం ఇదే మొదలు. సెప్టెంబర్ మొదటి వారంలో నేనూ మా అమ్మా లడఖ్ వెళ్తున్నాం. అమ్మకి 61. రోజూ పొద్దున్నే నడుస్తుంది, బీపీ షుగర్ లాంటివేం లేవు. మాకు ఊళ్ళూ బజార్లూ అక్కర్లేదు, ఆ పైన చాంగ్‌థాంగ్ పీఠభూమి మీదున్న సరస్సులు చూడాలి. నేను వేసుకున్న ప్లాన్ ఇదీ: మొదటి రోజు విమానంలో లేహ్. రెండో రోజు పాంగోంగ్, రాత్రి అక్కడే. మూడో రోజు చుషుల్ మీదుగా హాన్లే. నాలుగో రోజు త్సో మొరిరి. ఐదో రోజు త్సో కార్ చూసుకుని సాయంత్రానికి లేహ్. టాక్సీ మాట్లాడుకుంటాం.

ఇది కుదిరే పనేనా? కుదరకపోతే దేన్ని వదిలేయాలి?

బుల్లెట్‌బాబ్జీ | ఆగస్టు 2, రాత్రి 9:40

కుదురుతుంది సిస్టర్. నేను బండి మీద నాలుగు రోజుల్లో కొట్టేశా. కర్పూరం జేబులో పెట్టుకోండి, నీళ్ళు బాగా తాగండి, టెన్షన్ పడకండి. ఏది వదిలినా పాంగోంగ్ మాత్రం వదలొద్దు. ఆ నీలం ఇంకెక్కడా ఉండదు.

బాటసారి72 | ఆగస్టు 2, రాత్రి 11:05

బాబ్జీ తమ్ముడూ, నీ వయసులో నేనూ ఇలాగే చెప్పేవాణ్ణి. నీలిగాలి గారూ, ఈ ప్లాన్ చూస్తే నా కడుపులో తిప్పింది. అలంకారానికి అనడం లేదు, నిజంగానే.

పన్నెండేళ్ళ కిందట మేం ముగ్గురం అచ్చం ఇదే చేశాం. లేహ్‌లో దిగిన మర్నాడే పాంగోంగ్. ఒడ్డునున్న స్పాంగ్‌మిక్ ఊళ్ళో సూర్యాస్తమయం చూసి ఫొటోలు తీసుకుని పడుకున్నాం. రాత్రి పదకొండుకి మా వాడొకడికి తలనొప్పి మొదలైంది, పన్నెండుకి వాంతులు, ఒంటిగంటకి మాట తడబడడం. అందరూ చెప్పే సలహా ఒకటే కదా, వెంటనే కిందికి దిగిపోవాలని. తీరా బండెక్కాక తెలిసొచ్చిన సంగతేమిటంటే, పాంగోంగ్ నుంచి లేహ్‌కి దిగాలంటే ముందు పైకి ఎక్కాలి! సరస్సు ఉన్నది 4,225 మీటర్ల ఎత్తున. మధ్యలో చాంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైన. జబ్బు పడ్డ మనిషిని అర్ధరాత్రి ఇంకో వెయ్యి మీటర్లు పైకి మోసుకెళ్ళి, అప్పుడు దించాలి. దారిలో సైన్యం వాళ్ళ సాయం దొరికింది కాబట్టి వాడు బతికి బట్టకట్టాడు. ఇప్పటికీ కొండల ఊసెత్తితే లేచి వెళ్ళిపోతాడు.

మ్యాప్‌లో దూరం చూడకండి. ఎక్కడ పడుకుంటారో ఆ ఎత్తు చూడండి. అక్కడి నుంచి బయటపడే దారి ఎటు వెళ్తుందో కూడా చూడండి.

డాక్టరమ్మ | ఆగస్టు 3, ఉదయం 6:50

బాటసారి గారు చెప్పిన రెండో మాట చాలామందికి తట్టదు. దానికి కాస్త కలుపుతాను.

లేహ్ 3,500 మీటర్లు. విమానంలో దిగుతున్నారంటే శరీరానికి ఏ సన్నాహమూ లేకుండా నేరుగా అంత ఎత్తుకి వచ్చిపడ్డట్టే. అక్కడ కనీసం రెండు రోజులు పూర్తిగా విశ్రాంతి. మెట్లెక్కి గోంపాలు (బౌద్ధ ఆరామాలు) చూడ్డం ఆ తర్వాత. 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచొద్దని పర్వత వైద్యులు చెప్తారు. లేహ్ నుంచి నేరుగా త్సో మొరిరికి వెళ్ళి పడుకుంటే ఒక్క దెబ్బకి వెయ్యి మీటర్లు. అందుకని మధ్యలో చుమథాంగ్‌లో ఒక రాత్రి ఆగండి. సింధు ఒడ్డునే, దాదాపు 4,000 మీటర్లు, వేడినీటి ఊటలు కూడా ఉన్నాయి. పాంగోంగ్ దారిలోనైతే తాంగ్‌త్సే అలా పనికొస్తుంది.

రోజూ నడిచేవాళ్ళకి ఏమీ కాదన్నది అపోహ. ఫిట్‌నెస్‌కీ ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుకీ సంబంధం లేదు. జిమ్ కుర్రాళ్ళు పడిపోవడం, బామ్మలు హాయిగా తిరగడం రెండూ జరుగుతాయి. దీన్ని రాకుండా చూసే డయామాక్స్ మాత్ర గురించి మీ డాక్టర్ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ విషయం ముందే చెప్పాలి. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్ పెరగదు బాబ్జీ గారూ. మంచి వాసన వస్తుంది, అంతే.

కూర్చున్నా ఆయాసం వస్తున్నా, దగ్గు ఆగకపోయినా, నేల మీద గీత గీసి దాని మీద అడుగులో అడుగు వేయమంటే తూలుతున్నా పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. ఆ రాత్రే దిగాలి.

బుల్లెట్‌బాబ్జీ | ఆగస్టు 3, ఉదయం 9:02

సరే డాక్టరమ్మా, కర్పూరం వెనక్కి తీసుకుంటున్నా 🙏 పాంగోంగ్ మాట మాత్రం తీసుకోను.

నీలిగాలి | ఆగస్టు 3, మధ్యాహ్నం 1:20

చదివాక భయం వేసింది, కానీ ముందే అడిగినందుకు సంతోషంగా ఉంది. లేహ్‌లో రెండు రోజులు ఖాయం. సెలవు ఇంకో రెండు రోజులు పొడిగిస్తున్నాను. అయినా అన్నీ పట్టవు.

ఇంకో ప్రశ్న, ఇది మా అమ్మది. “మంచు కరిగితే వచ్చేవి మంచినీళ్ళే కదా, మరి ఆ చెరువులు ఉప్పగా ఎందుకుంటాయి?” అంటోంది. నా దగ్గర జవాబు లేదు. ఎవరైనా చెప్తారా?

రాళ్ళపిచ్చి | ఆగస్టు 3, సాయంత్రం 6:33

అమ్మగారికి నా నమస్కారాలు. ఇక్కడ ఎవరూ అడగరేమా అని ఎదురుచూసే ప్రశ్న ఇది.

మంచు కరిగిన నీళ్ళు రాళ్ళ మీదుగా పారేటప్పుడు పిసరంత లవణాన్ని కరిగించుకుంటాయి. ఏ నదైనా అంతే, సముద్రం ఉప్పగా ఉండడానికీ కారణం అదే. చెరువుకి అలుగు, అంటే నిండిన నీరు పొర్లి బయటికి పోయే దారి, ఉంటే ఆ ఉప్పు నీటితోపాటే బయటికి పోతుంది. చాంగ్‌థాంగ్ సరస్సుల్లో చాలావాటికి అలుగు లేదు. నీళ్ళు లోపలికి రావడమే గానీ బయటికి పోయే దారి లేదు, ఆవిరి కావాల్సిందే. ఆవిరయ్యేది నీరొక్కటే కదా, ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. పైగా లడఖ్ వానచాటు ప్రాంతం, లేహ్‌లో ఏడాదంతా కలిపినా పడేది 100 మిల్లీమీటర్ల చుట్టూనే. ఎండేమో చుర్రుమంటుంది.

ఇవేవీ మొదటినుంచీ ఇలా లేవు. పాంగోంగ్ నీళ్ళు ఒకప్పుడు ష్యోక్ నదిలోకి పోయేవి, దారి మూసుకుపోయింది. త్సో మొరిరికి దక్షిణాన దారి ఉండేది. పక్క లోయల నుంచి వాగులు తెచ్చిపోసిన రాళ్ళూ మట్టీ అడ్డుకట్టలా పేరుకుని అదీ పోయింది.

దేన్ని వదలాలని అడిగారు కాబట్టి నా ఓటు: త్సో కార్‌ని వదలొద్దు. చాలామంది దాన్ని దారిలో పదినిమిషాల ఫొటోకి ఆగే చోటులా చూస్తారు. నిజానికి మీ అమ్మగారి ప్రశ్నకి జవాబు కళ్ళముందు కనిపించేది అక్కడే. దక్షిణాన స్టార్ట్‌సాపుక్ త్సో అనే చిన్న సరస్సు, మంచినీళ్ళు. అది పొంగి ఉత్తరాన ఉన్న పెద్ద సరస్సులోకి పారుతుంది. ఆ పెద్దదే త్సో కార్, కటిక ఉప్పు. ‘త్సో’ అంటే సరస్సు, ‘కార్’ అంటే తెలుపు. ఒడ్డున పేరుకున్న ఉప్పు వల్ల ఆ పేరు. చాంగ్పా పశుపోషకులు ఒకప్పుడు ఆ ఉప్పు తవ్వి టిబెట్‌కి తీసుకెళ్ళి అమ్మేవాళ్ళు. రెండూ పక్కపక్కనే, నీళ్ళు ఒకటే. అలుగు ఉన్నది తియ్యగా, లేనిది ఉప్పగా.

ఇంకొకటి. అక్కడ కొండవాలు మీద, నీటికి చాలా ఎత్తున, గట్లలాంటి అడ్డగీతలు కనిపిస్తాయి. వరసగా మెట్లు చెక్కినట్టు ఉంటాయి. అవి పాత ఒడ్డులు. ఒకప్పుడు నీటిమట్టం అంత పైన ఉండేది. వెతికి చూడండి.

గోపాదం | ఆగస్టు 3, రాత్రి 8:10

రాళ్ళపిచ్చి గారి మాట చదువుతుంటే కైలాస యాత్ర గుర్తొచ్చింది. మానస సరోవరం నీళ్ళు తీర్థంలా తాగాం. పక్కనే రాక్షసతాల్ ఉంటుంది, ఆ నీళ్ళు ముట్టుకోవద్దన్నారు, రావణుడు తపస్సు చేసిన చోటని చెప్పారు. ఆ రెండింటిదీ ఇదే కథా అండీ?

రాళ్ళపిచ్చి | ఆగస్టు 3, రాత్రి 8:31

ఇదే కథ సార్! మానస సరోవరం కాస్త ఎత్తున ఉంటుంది. నీళ్ళు నిండినప్పుడు గంగా ఛూ అనే కాలువ గుండా రాక్షసతాల్‌లోకి పారతాయి. పైదానికి అలుగు ఉంది, మంచినీళ్ళు. కిందిదానికి లేదు, ఉప్పదనం. పురాణం రావణుడి మీద పెట్టిన నెపం మేం అలుగు మీద పెడతాం, తేడా అంతే 🙂

బుల్లెట్‌బాబ్జీ | ఆగస్టు 3, రాత్రి 8:45

అన్నా, గట్లూ ఉప్పూ చూడ్డానికి అంతదూరం వెళ్తారా ఎవరైనా? 134 కిలోమీటర్ల పొడవు సరస్సు, అందులో మూడో వంతే మన వైపు. గంటకో రంగు మారుతుంది. అదీ చూడాల్సింది.

రాళ్ళపిచ్చి | ఆగస్టు 3, రాత్రి 9:12

పాంగోంగ్ అందాన్ని నేనేం కాదనలేదు బాబ్జీ. ఫొటోల కోసం పెట్టిన ‘త్రీ ఇడియట్స్’ సినిమా స్కూటర్ల దగ్గర క్యూ కట్టిన జనాన్ని దాటుకుని మాన్, మెరాక్ ఊళ్ళ వైపు వెళ్తే ఇప్పటికీ బాగుంటుంది. కానీ ఆ నీలం కోసమే అయితే త్సో మొరిరిలోనూ అదే ఉంది. లోతు వంద మీటర్ల పైన, బురద లేని తేట నీరు. వెలుగులోని ఎరుపుని నీరు మింగేస్తుంది, నీలం వెనక్కి వస్తుంది. మబ్బు పడితే రెండూ సీసం రంగులోకి మారిపోతాయి.

రాళ్ళని వెక్కిరించావు కాబట్టి ఇదీ విను. త్సో మొరిరి చుట్టూ ఉన్న కొండల రాతిలో కోఎసైట్ అనే ఖనిజం దొరికింది. భూమిలో 90 కిలోమీటర్లకి పైబడిన లోతులో ఉండే ఒత్తిడికి గానీ అది తయారవదు. భారత భూఫలకం ఆసియాని ఢీకొన్నప్పుడు దాని అంచు అంత లోతుకి కూరుకుపోయి, మళ్ళీ పైకి తేలి, ఇప్పుడు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున నీ బండి టైరు కింద ఉంది.

బుల్లెట్‌బాబ్జీ | ఆగస్టు 3, రాత్రి 9:15

ఇది మాత్రం మామూలుగా లేదు. నాకెవరూ చెప్పలేదేంటి??

కొంగలరాయుడు | ఆగస్టు 4, ఉదయం 5:58

ఆలస్యంగా వచ్చాను. త్సో కార్‌కి నాదీ ఓటు, కారణం వేరే. 2020లో రామ్‌సార్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడినేలల జాబితాలో, చేరింది అది. త్సో మొరిరి 2002లోనే చేరింది. మన దేశంలో నల్లమెడ కొంగ గుడ్లు పెట్టేది ప్రధానంగా ఈ చాంగ్‌థాంగ్ చిత్తడుల్లోనే. లడఖ్ దాన్ని తన అధికారిక పక్షిగా పెట్టుకుంది. సెప్టెంబర్‌కి పిల్లలు తల్లంత ఎత్తుకి వచ్చేస్తాయి, తల మీద రంగు చూసి పోల్చుకోవాలి. బార్‌హెడెడ్ బాతులు కూడా అక్కడే పిల్లల్ని చేస్తాయి. హిమాలయాల మీదుగా ఎగిరి చలికాలానికి దక్షిణాది చెరువుల్లో దిగేవి ఇవే. కియాంగ్‌లు, అంటే అడవి గాడిదలు, మైదానంలో గుంపులుగా మేస్తుంటాయి.

ఒక్కటే మనవి. టాక్సీని పచ్చిక మీదికి దింపనివ్వకండి. డ్రైవర్లు మనల్ని సంతోషపెట్టాలని నీటి అంచు దాకా తీసుకెళ్తామంటారు. ఆ నేలలో చక్రం గాడి పడితే అక్కడి చలికీ కరువుకీ మళ్ళీ గడ్డి మొలవడానికి ఏళ్ళు పడుతుంది. మిగిలిన తిండి కుక్కలకి వేయొద్దు కూడా. జనం పారేసే తిండి మీద పెరిగిన ఊరకుక్కలే ఇవాళ కొంగ గుడ్లకీ పిల్లలకీ పెద్ద గండం. గుడారాల దగ్గర అవి తోకాడిస్తూ వస్తాయి, జాలేస్తుంది. అయినా సరే. చూడాలంటే బైనాక్యులర్ తీసుకెళ్ళండి, కొంగ తలెత్తి మీ వైపే చూస్తోందంటే అప్పటికే మరీ దగ్గరికి వెళ్ళినట్టు.

చుక్కలరాత్రి | ఆగస్టు 4, ఉదయం 10:25

హాన్లేని ఎవరూ తలుచుకోలేదే! 4,500 మీటర్ల ఎత్తున భారతీయ ఖగోళ వేధశాల ఉంది, రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. దాన్ని ఉపగ్రహ లింకు ద్వారా బెంగళూరు దగ్గరున్న హోస్కోటె నుంచి నడిపిస్తారు. 2022లో ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా, అంటే రాత్రి ఆకాశం చీకటిగా ఉండేలా దీపాల వెలుగుని అదుపు చేసే చోటుగా, ప్రకటించారు. పాలపుంత వెలుగుకి మీ నీడ పడుతుందేమో అనిపిస్తుంది.

కాకపోతే పంచాంగం చూసుకుని వెళ్ళండి. నేనొకసారి పౌర్ణమికి వెళ్ళి, పట్టపగల్లాంటి వెన్నెలని చూసి ఏడవలేక నవ్వి వచ్చాను.

నీలిగాలి | ఆగస్టు 4, మధ్యాహ్నం 2:15

పంచాంగం చూశా. మా తేదీలకి చంద్రుడు నిండుగా ఉన్నాడు. హాన్లే ఈసారికి లేనట్టే. మరి పర్మిట్లు? సరిహద్దు ప్రాంతాలకి వెళ్ళడానికి తీసుకునే ఇన్నర్ లైన్ పర్మిట్ ఎత్తేశారని ఒకరంటారు, ఇంకొకరు చెక్‌పోస్టులో ఆపేశారంటారు.

నిర్వాహకుడు | ఆగస్టు 4, సాయంత్రం 4:00

ఈ విషయంలో పాత పోస్టులు నమ్మొద్దు. మన దేశ పౌరులకి సంబంధించిన నిబంధనలు గత కొన్నేళ్ళలో ఒకటికి రెండుసార్లు మారాయి. బయల్దేరే వారం ముందు లేహ్ జిల్లా యంత్రాంగం వెబ్‌సైట్‌లో చూసుకోండి. గుర్తింపు కార్డు ఒరిజినల్, కాగితాల నకళ్ళు నాలుగైదు దగ్గరుంచుకోండి, చెక్‌పోస్టుల్లో ఫోన్‌లో చూపిస్తామంటే సిగ్నల్ ఉండదు. విదేశీయులకి పద్ధతి పూర్తిగా వేరు.

బాటసారి72 | ఆగస్టు 4, సాయంత్రం 5:18

అయితే ఇలా వెళ్ళండి. లేహ్ నుంచి కారు (నవ్వకండి, ఊరి పేరే అది), ఉప్షి, అక్కడి నుంచి సింధు పక్కనే చుమథాంగ్. ఒక రాత్రి. మర్నాడు మాహే వంతెన దాటి, సుమ్‌దో మీదుగా కోర్జోక్. త్సో మొరిరి ఒడ్డున ఉన్న ఊరు అదే. దారిలో క్యాగర్ త్సో అనే చిన్న సరస్సు తగులుతుంది, ఎవరూ ఆగరు, మీరు ఆగండి. కోర్జోక్‌లో రెండు రాత్రులు. తర్వాత వెనక్కి సుమ్‌దో వచ్చి, పూగా లోయ, పోలోకోంకా లా (‘లా’ అంటే కనుమ), త్సో కార్. అక్కడ నిద్ర చేయకుండా టాంగ్లాంగ్ లా దాటి లేహ్.

ఈ వరస ఎందుకంటే, కోర్జోక్‌లో ఏదైనా తేడా వస్తే నమ్‌షాంగ్ లా అనే చిన్న కనుమ ఒక్కటి దాటితే చాలు, తర్వాతంతా సింధు వెంట దిగుడే. త్సో కార్ నుంచైతే ఎటు వెళ్ళాలన్నా కనుమ ఎక్కాలి. అందుకే అది చివర, ఒళ్ళు బాగా అలవాటు పడ్డాక.

డాక్టరమ్మ | ఆగస్టు 4, సాయంత్రం 5:40

దీనికి సంతకం పెడతాను.

బుల్లెట్‌బాబ్జీ | ఆగస్టు 4, సాయంత్రం 5:52

పాంగోంగ్ లేకుండా లడఖ్ ప్లాన్!! చరిత్రలో మొదటిసారి 😭

నీలిగాలి | సెప్టెంబర్ 14, రాత్రి 10:30

వచ్చేశాం. అలసట తీరాక రాద్దామని ఆగాను.

బాటసారి గారి వరస అక్షరాలా పాటించాం. కోర్జోక్‌లో మొదటి రాత్రి అమ్మకి తలనొప్పి వచ్చింది. డాక్టరమ్మ గారూ, గది బయట టార్చి వెలుగులో గీత గీసి నడవమన్నాను. నడిచింది. “దొంగని పట్టుకున్న పోలీసులా ఉన్నావు” అని తిట్టింది కూడా. తిట్టగలిగిందంటే ఫర్వాలేదనుకుని పడుకున్నాం, కానీ టాక్సీ డ్రైవర్‌కి ముందే చెప్పి ఉంచాను. పొద్దున్నకి తగ్గింది. ఆ రోజు ఎక్కడికీ వెళ్ళలేదు, ఒడ్డునే కూర్చున్నాం. చెప్పుకోవడానికి ఏమీ లేని ఆ రోజే నాకు బాగా గుర్తుండిపోయింది. పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నం గాలికి అలలు లేచి సముద్రంలా చప్పుడు చేసింది. సాయంత్రానికి అవతలి కొండ మీద నీడ పైపైకి పాకుతుంటే ఇద్దరం అలాగే చూస్తూ ఉండిపోయాం.

అమ్మ తన ప్రశ్నని వదల్లేదు. దొరికిన ప్రతి నీటిలోనూ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. త్సో మొరిరికి “ఉప్పు కాదు, చప్పన కాదు, ఏదో తేడా” అంది. స్టార్ట్‌సాపుక్ “మన నీళ్ళే”. త్సో కార్ దగ్గర మొహం చిట్లించి ఉమ్మేసింది. రాళ్ళపిచ్చి గారూ, మీ గట్లు కూడా తనే ముందు పట్టుకుంది. నేను నీళ్ళలో వెతుకుతుంటే “అటు కాదే, కొండకేసి చూడు” అంది. మనిషి కంటే ఎంతో ఎత్తున, ఒకదాని కింద ఒకటి. అంత నీరు ఏమైపోయిందని చాలాసేపు అడుగుతూనే ఉంది.

రాయుడు గారూ, మూడు కొంగలు. రెండు పెద్దవి, మధ్యలో గోధుమ రంగు తలతో ఒకటి. చాలా దూరం నుంచే. డ్రైవర్ పచ్చికలోకి దింపుతానన్నాడు, వద్దన్నాం. కుక్కలు కూడా కనిపించాయి, అయిదారు.

కొంగలరాయుడు | సెప్టెంబర్ 15, ఉదయం 6:05

ఆ గోధుమ రంగు తలే ఈ ఏటి పిల్ల. మీరు దిగలేదు చూడండి, దానికి థ్యాంక్స్.

రాళ్ళపిచ్చి | సెప్టెంబర్ 15, ఉదయం 8:47

పూగా గురించి రాయలేదేం? ఆవిర్లు చూశారా?

నీలిగాలి | సెప్టెంబర్ 15, సాయంత్రం 7:12

అయ్యో, అసలుది మరిచిపోయా. చూశాం. వాగు పక్కన నేలంతా తెల్లగా, పసుపుగా, బుడబుడమని నీళ్ళు. ఆ ఎత్తులో నీళ్ళు 85 డిగ్రీలకే మరుగుతాయని డ్రైవర్ చెప్పాడు. నేను “ఇక్కడా ఉప్పేనమ్మా” అన్నాను. అమ్మ వంగి ఆ తెల్లటి పొడిని వేళ్ళ మధ్య నలిపి చూసి “ఉప్పు కాదు, ఇది వెలిగారం” అంది. ఈసారి నోట్లో పెట్టుకోలేదు. నిజమేనా?

రాళ్ళపిచ్చి | సెప్టెంబర్ 15, సాయంత్రం 7:20

నిజమే!! పూగా వెలిగారానికి (బోరాక్స్‌కి) పాతకాలం నుంచీ పేరు. పసుపు రంగుది గంధకం. ఒకప్పుడు వెలిగారాన్ని టిబెట్ పీఠభూమి నుంచి మేకల మీద, గొర్రెల మీద కనుమలు దాటించి కిందికి తెచ్చేవాళ్ళు. చదువుకున్న మాకే చేతిలోకి తీసుకుని చెప్పడం కష్టం. అమ్మగారు ఎలా పోల్చుకున్నారు?

నీలిగాలి | సెప్టెంబర్ 15, రాత్రి 8:03

అడిగాను. మా తాతగారు కంసాలి. బంగారానికి అతుకు వేసేటప్పుడు వెలిగారం నూరిచ్చేది చిన్నప్పుడు అమ్మేనట. “మా నాన్న కుంపటి దగ్గరికి ఇంత దూరం నుంచి వచ్చేదా” అంటోంది.

బుల్లెట్‌బాబ్జీ | సెప్టెంబర్ 15, రాత్రి 8:11

అమ్మగారిని పాంగోంగ్ తీసుకెళ్ళే ఏర్పాటు నేను చూస్తా. తాంగ్‌త్సేలో ఒక రాత్రి ఆగుతాం డాక్టరమ్మా, ప్రామిస్.